తాలీమ్ అయింది, తర్బియత్ ఎప్పుడు?

పోయిన వానాకాలం టైడా దగ్గర ఒక పిల్లవాడి జ్వరం చూశాను. దాని గురించి రాయాలని అప్పట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. డెస్కు పని, రంజాన్, ఖాందాన్‌లో రెండు పెళ్లిళ్లు, ఏదో ఒకటి అడ్డం వస్తూనే ఉంది. ఈ వారం మా మొహల్లాలో ఫ్రీ మెడికల్ క్యాంపు పోస్టర్ ఒకటి చూశాక ఇక ఆగలేకపోయాను. ఆ పోస్టర్ సంగతి తర్వాత చెప్తాను.

టైడా మీలో చాలామంది చూసే ఉంటారు. విశాఖ నుంచి అరకు వెళ్లే కిరండూల్ పాసింజర్‌లో శివలింగపురం దాటాక, సొరంగాల మధ్య వచ్చే చిన్న స్టేషన్. రోడ్డు మీద వెళ్లేవాళ్లకు ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే టూరిజం వాళ్ల జంగిల్ బెల్స్ కాటేజీలు కనబడే చోటు. బొర్రా గుహలకు బయల్దేరిన మన ఫ్యామిలీలు అక్కడ చాయ్‌కి ఆగుతాయి. బొంగు చికెన్ జబీహానా కాదా అని వాకబు చేసి, నమ్మకం కుదరక అరటిపళ్లు కొనుక్కుని మళ్లీ బండెక్కుతాయి. నేనూ అన్నిసార్లూ అంతే. ఈసారి డోలీ మోతల మీద స్టోరీ కోసం రోడ్డు వదిలి లోపలి ఊళ్లకు నడిచాను.

అక్కడ ఒక ఇంట్లో ఆరేళ్ల పిల్లవాడు. మూడు రోజులుగా జ్వరం, వణుకు. ఊరి ఆశా కార్యకర్త వచ్చింది. వేలికి సూది గుచ్చి, కిట్ మీద నెత్తుటి చుక్క వేసి, పక్క గుంటలో మందు చుక్కలు పోసి గోడకానుకుని కూర్చుంది. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాలి. ఆ కాసేపూ ఎవరూ మాట్లాడలేదు. గీత కనబడింది. ఫాల్సిపారం మలేరియా. ఆమె సంచిలోంచి ఆకుపచ్చ రంగు అట్ట మాత్రలు తీసింది. వయసును బట్టి అట్ట రంగు మారుతుంది. ఒకటి నుంచి నాలుగేళ్లకు పసుపు, ఐదు నుంచి ఎనిమిదికి ఆకుపచ్చ, తొమ్మిది నుంచి పద్నాలుగుకు ఎరుపు. ఎన్నో దేశాల మరీజుల మీద ఏళ్ల తరబడి జరిగిన తహ్‌కీక్ అంతా చివరికి కొండ మీద ఒక అట్ట రంగుగా మారి ఆ ఇంటికి చేరింది. నాకు ముచ్చటేసింది.

మొదటి మోతాదు తన ఎదురుగానే వేయించింది. పిల్లవాడు కక్కుకోలేదు. అప్పుడు తండ్రి అడిగాడు.

"అక్కా, సెలైన్ పెట్టించక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఈ మాత్రలే మందు. మూడు రోజులు మానకుండా వెయ్యాలి."

"ఎందుకక్కర్లేదు? నీరసంగా ఉన్నాడు గదా."

ఆమె ఒక్క క్షణం ఆగింది. "ట్రైనింగ్‌లో సార్లు ఇలాగే చెప్పారు" అంది.

తండ్రి తల ఊపాడు. సాయంత్రానికి ఎవరిదో బండి దొరికితే పిల్లవాణ్ణి మధ్యన కూర్చోబెట్టుకుని ఘాట్ దిగాడు. కింద ఎక్కడో ఒక ప్రైవేటు క్లినిక్‌లో రెండు బాటిళ్లు సెలైన్, మూడు ఇంజెక్షన్లు. పద్దెనిమిది వందలు. తల్లి మాత్రం ఆకుపచ్చ అట్ట పారేయలేదు, మూడు రోజులూ వేసింది. నాలుగో రోజు ఆశాకి ఫోన్ చేసి కనుక్కుంటే పిల్లవాడు ఆడుకుంటున్నాడు. షాబాషీ ఎవరికి దక్కింది? సెలైన్‌కి. "సెలైన్ పడ్డాకే లేచాడు" అని తండ్రి ఊరంతా చెప్పాడట. వచ్చే ఏడు ఆ ఊళ్లో ఇంకో పిల్లవాడికి జ్వరమొస్తే ఆ మాటే చెల్లుతుంది, అట్ట మాట చెల్లదు.

కొండ మీది మనిషి నాదాన్ అని నవ్వకండి. మన బస్తీల్లో ఏ ఇంట్లో లేదు ఈ సంగతి? కాస్త చక్కరొస్తే "గ్లూకోజ్ ఎక్కించండి డాక్టర్ సాబ్" అని అడిగేది మనమే. సూది వేయకుండా పంపిన డాక్టర్ మనకు డాక్టరే కాదు. మా ఖాలా ఒకావిడ, ఏ దవాఖానా నుంచి తిరిగొచ్చినా మోచేతి దగ్గర పత్తి ఉండకపోతే పైసలు దండగ అంటుంది. ఆమె పదో తరగతి పాస్, ఇద్దరు పిల్లలు ఇంజనీర్లు.

పిల్లవాడు లేచింది మాత్రల వల్లా, సెలైన్ వల్లా? రెండూ ఒకేసారి పడ్డాయి. ఇది తేల్చాలంటే ఒకే రకం మరీజులను రెండు జమాతులు చేసి, ఒకదానికి ఇచ్చి ఇంకొకదానికి ఇవ్వకుండా చూడాలి. ఇది తెల్లవాళ్లు కనిపెట్టిన కొత్త హుషారీ అనుకునేవాళ్లు మన అల్ రాజీని గుర్తు చేసుకోవాలి. రయ్ పట్నంలో పుట్టి, బగ్దాద్‌లో దవాఖానా నడిపి, సుమారు 925లో ఇంతకాల్ చేసిన ఆ హకీం, సర్సామ్ సూచనలున్న మరీజులలో కొందరికి నెత్తురు తీయించి, కొందరిని కావాలనే తీయకుండా వదిలి, తేడా చూశానని తన హావీలో రాసుకున్నాడు. నెత్తురు తీయడం మంచిదనే ఆయన తేల్చాడు. ఈరోజు అది చెల్లదు. ఫలితం చెల్లకపోయినా అడిగిన సవాల్ మాత్రం ఈరోజుకీ చెల్లుతుంది: ఇవ్వకపోతే ఏమయ్యేది?

సెలైన్‌కి ఈ సవాల్ నిజంగానే వేసి చూశారు. కెన్యా, యుగాండా, తాంజానియా దవాఖానాల్లో తీవ్రమైన జ్వరంతో, నెత్తుటి ప్రసరణ మందగించి వచ్చిన పిల్లల మీద కాథరిన్ మెయిట్లండ్ అనే పిల్లల డాక్టర్, ఆమె సాథీలు చేసిన పరిశోధన అది. పేరు ఫీస్ట్. ఆ పిల్లల్లో సగానికి పైగా మలేరియా ఉన్నవాళ్లే. అలాంటి పిల్లలకు వచ్చీ రాగానే ధారగా, వేగంగా ద్రవం ఎక్కించాలని అప్పటి పుస్తకాలన్నీ చెప్పేవి. 3,141 మంది పిల్లలను మూడు గుంపులు చేశారు. మిగతా ఇలాజ్ అందరికీ ఒకటే. రెండు గుంపులకు వేగంగా ద్రవం పెట్టారు, ఒక గుంపుకి పెట్టలేదు. 48 గంటల్లో పెట్టిన గుంపుల్లో వందకి పదిన్నర మంది దాకా చనిపోయారు. పెట్టని గుంపులో ఏడుగురు. పరిశోధన మధ్యలోనే ఆపేశారు. 2011లో అది న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహా సవరించింది 2016లో. పెద్ద సంస్థకే ఐదేళ్లు పట్టింది, ఇక ఘాట్ కింద క్లినిక్‌కి ఎన్నేళ్లు పట్టాలి?

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి, లేకపోతే నేనే రేపు ఇంకో అఫ్వాకి కారణమవుతాను. సెలైన్ హరామ్ కాదు. వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోయిన మనిషికి అది జాన్ నిలబెడుతుంది. ఆ పరిశోధనలో అలాంటి పిల్లలను చేర్చుకోలేదు. మూర్ఛ వచ్చినా, తెలివి తప్పినా, ఏం పట్టినా కక్కేస్తున్నా పిల్లవాణ్ణి వెంటనే పెద్ద దవాఖానాకు తీసుకుపోవాల్సిందే, అక్కడ డాక్టర్ కొలిచి ద్రవం పెడితే పెట్టనివ్వాల్సిందే. లేచి కూర్చుని మంచినీళ్లు తాగుతున్న పిల్లవాడికి రెండు బాటిళ్లు ఎక్కించడం గురించే నా ఫిర్యాదు. దాహం వేసే పిల్లవాడికి గ్లాసు ఉంది, చెంచా ఉంది.

ఆశా దగ్గర జవాబు సరైనదే, దాని వెనక ఉన్న 'ఎందుకు' ఆమె చేతికి ఎవరూ ఇవ్వలేదు. నా బాధ అంతా అక్కడే. ఆమె తప్పు లేదు. చెప్పింది చెప్పినట్టు గుర్తుపెట్టుకుంది, చేసింది. తండ్రి అడిగిన రెండో సవాల్ దగ్గర ఆమె ఆగిపోయింది.

ఇదే సంగతి నా ఇంట్లోనూ జరిగింది. 2007లో అబ్బా స్కూటర్ మీద నుంచి పడ్డారు. తలకి దెబ్బ. ఒక పెద్ద దవాఖానాలో ఆరు రోజులు ఉన్నారు. రోజూ పొద్దున మందుల చీటీ నా చేతికిచ్చేవారు, నేను మెడికల్ షాపుకి పరుగెత్తేవాణ్ణి. ఆ చీటీలో రోజూ ఒక స్టెరాయిడ్ ఉండేది. ఆరో రోజు అబ్బా అల్లాకు ప్యారే అయిపోయారు. చాలా ఏళ్ల తర్వాత ఒక హెల్త్ పేజీ కోసం చదువుతుంటే క్రాష్ అనే పరిశోధన కంటబడింది. తలకి దెబ్బ తగిలిన 10,008 మంది మీద చేశారు. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్లలో రెండు వారాల్లో 21 శాతం చనిపోతే, ఇవ్వనివాళ్లలో 18 శాతం. అంతకుముందు ముప్పై ఏళ్లుగా ప్రపంచమంతా ఇస్తూనే ఉంది. లాన్సెట్‌లో అది అచ్చయింది 2004లో. మా చీటీ 2007ది.

అబ్బా ఆ మందు వల్లే పోయారని నేను అనను. అలా అంటే సెలైన్‌కి షాబాషీ ఇచ్చిన తండ్రికీ నాకూ ఫరక్ ఏముంది? ఇవ్వకపోయినా పోయేవారేమో. మౌత్ అల్లా చేతిలో ఉంది. కానీ ఆ మూడేళ్లలో ఆ కాగితం ఆ వార్డు దాకా ఎందుకు రాలేదన్నది బందాల చేతిలో ఉన్న సంగతి. ఆ డాక్టర్ మంచివాడు. రాత్రి రెండింటికి కూడా వచ్చి చూశాడు. ఆయన గది గోడ మీద మూడు సనదులు ఫ్రేములు కట్టి ఉన్నాయి. నేను ఆ ఆరు రోజులూ వాటిని చూస్తూ కూర్చున్నాను.

సనద్ అంటే ఉర్దూలో సర్టిఫికెట్. మదర్సాలో చదివినవాళ్లకు ఇంకో మానీ తెలుసు: ఈ మాట ఎవరి నుంచి ఎవరికి, వాళ్ల నుంచి ఎవరికి అందిందో చెప్పే గొలుసు. మన ముహద్దిసీన్ ఒక్క రివాయత్ కోసం ఊళ్లు తిరిగారు. రావీ సచ్చా మనిషేనా, యాద్‌దాష్త్ గట్టిదేనా, ఎవరి దగ్గర విన్నాడో వాళ్లను నిజంగా కలిశాడా అని ఒక్కొక్కరినీ తూచారు. సహీహ్, హసన్, జయీఫ్ అని దర్జాలు పెట్టారు. దీనీ ఇల్మ్‌ని డాక్టరీతో సమానం చేయడం లేదు, తౌబా. పద్ధతి చెప్తున్నాను. 1992లో కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు వైద్యంలో సబూత్ మీద నడవాలని కొత్త తాలీమ్ గురించి రాసినప్పుడు చెప్పిందీ దాదాపు ఇలాంటిదే. ఉస్తాద్ చెప్పాడు కాబట్టి అని ఊరుకోకు, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతుకు, తూచు, ఆ తర్వాత నీ ఎదురుగా ఉన్న మరీజుకి పనికొస్తుందో లేదో చూడు.

గొలుసు గట్టిదైనంత మాత్రాన సరిపోదు, మతన్ కూడా చూడాలి. దీనికి మన హైదరాబాద్‌లోనే నమూనా ఉంది. 1846లో మొదలైన హైదరాబాద్ మెడికల్ స్కూల్‌లో మొదట్లో చదువు ఉర్దూలోనే సాగేది. ఉర్దూ మీడియంలో చదివిన నాలాంటివాడికి ఆ సంగతి తల్చుకుంటే ఛాతీ పొంగుతుంది. తర్వాత దానికి పెద్దగా వచ్చిన ఎడ్వర్డ్ లారీ క్లోరోఫామ్ మత్తు మీద 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు కమిషన్లు నడిపాడు. పైసా ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. రెండో కమిషన్‌కి లాన్సెట్ తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చాడు. నాలుగు వందలకు పైగా కుక్కల మీద పరీక్షలు చేసి, క్లోరోఫామ్‌తో ముందు ఆగేది ఊపిరే, గుండె కాదు, కాబట్టి ఊపిరి చూసుకుంటే చాలని తేల్చారు. నిజాం ఖజానా, లండన్ పత్రిక, అన్ని వందల జానవర్లు: ఇంతకంటే గట్టి సనద్ ఏముంటుంది? మరి ఆపరేషన్ బల్ల మీద హఠాత్తుగా గుండె ఆగి పోతున్న మనుషుల మాటేమిటని అడిగినవాళ్లను లారీ లెక్కచేయలేదు. ఆయన ఉస్తాద్ ఎడిన్‌బరోలో అదే చెప్పేవాడు, ఈయన తేల్చిందీ అదే. చివరికి 1911లో గుడ్‌మన్ లెవీ అనే మత్తు డాక్టర్, తేలికపాటి క్లోరోఫామ్‌లోనే గుండె లయ తప్పి ఆగిపోగలదని చూపించాడు. హైదరాబాద్ పేరు ప్రపంచమంతా మోగింది నిజమే. ఆ జవాబు పొరపాటన్నదీ నిజమే. మన తారీఖ్ పుస్తకాల్లో మొదటి సగమే రాస్తారు.

ఇప్పుడు అసలు సవాల్‌కి వద్దాం. ఇదంతా డాక్టర్లకు, నర్సులకు, ఆశాలకు నేర్పడం ఎలా? పాఠం పెట్టేస్తే వచ్చేస్తుందా?

దీని మీదా సబూత్ ఉంది. బర్మింగ్‌హామ్‌లో పనిచేసే అరి కుమారస్వామి, ఖాలిద్ ఖాన్ అనే ఇద్దరు డాక్టర్లు, డాక్టర్లకు ఈ తాలీమ్ ఇస్తే నిజంగా ఏమైనా మారుతోందా అని 23 పరిశోధనలను పోగేసి చూశారు. 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. క్లాసు రూములో విడిగా చెప్తే తెలివిడి పెరిగింది, పని తీరు మారలేదు. వార్డులో, మరీజు మంచం దగ్గర, రోజువారీ పనిలో కలిపి నేర్పితే తెలివిడితో పాటు చేతి పని, చూసే తీరు, నడవడి కూడా మారాయి. ఇది చదివినప్పుడు నాకు మా స్కూల్ సదర్ ముదర్రిస్ సాబ్ గుర్తొచ్చారు. తాలీమ్, తర్బియత్ అని ఆయన ఎప్పుడూ రెండు మాటలూ జోడించే పలికేవారు. మేం రెండూ ఒకటే అనుకునేవాళ్లం. నమాజ్ పుస్తకం చదివి సజ్దా తెలుసుకోవడం తాలీమ్. అబ్బా పక్కన నిలబడి, ఆయన చెయ్యి నా వీపు మీద పెట్టి రుకూ సరిచేయడం తర్బియత్.

ఇంకో సబూత్ నా దావాకే కొంచెం అడ్డం తిరుగుతుంది, అయినా చెప్పాలి. పశ్చిమ బెంగాల్ బీర్భూమ్ జిల్లాలో డిగ్రీలేని పల్లె డాక్టర్లకు, అంటే మన ఆరెంపీల లాంటివాళ్లకు, తొమ్మిది నెలలు తాలీమ్ ఇచ్చి చూశారు. 304 మందిని చీటీ తీసినట్టు రెండు జమాతులు చేసి, ఒకదానికే తాలీమ్ ఇచ్చారు. తర్వాత జబ్బు నటించే మనుషులను చెప్పకుండా వాళ్ల దగ్గరికి పంపారు. 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. తాలీమ్ తీసుకున్నవాళ్ల ఇలాజ్ మెరుగైంది. అక్కర్లేని మందులు, యాంటీబయాటిక్‌లు మాత్రం తగ్గలేదు. ఎందుకు తగ్గుతాయి? అతని రోజీ రోటీ అందులో ఉంది. మరీజు అడిగేదీ అదే. డాక్టర్‌కి ఎంత నేర్పినా ఎదురుగా కూర్చున్న మా ఖాలా "సూది వేయవా?" అంటుంటే అతనేం చేస్తాడు? కాబట్టి తర్బియత్ సగం డాక్టర్‌కి, సగం మనకి.

టైడా ఆశాని అడిగాను, మీ ట్రైనింగ్ ఎలా జరుగుతుందని. హాలు, ప్రొజెక్టర్, భోజనం ప్యాకెట్, సంతకం. నెల మీటింగ్‌లో రిజిస్టర్లు, టార్గెట్లు. తప్పని అనను, లెక్కలు కావాలి. కానీ అదే మీటింగ్‌లో ఒక్క గంట తీసి, పోయిన నెల ఈ ఊళ్లో జరిగిన ఒక్క కేసు ముందు పెట్టుకుంటే? ఏమిచ్చాం, ఎందుకిచ్చాం, ఇవ్వకపోతే ఏమయ్యేది, ఇంటివాళ్లు ఏమడిగారు, మన దగ్గర జవాబు ఎక్కడ ఆగింది? మెడికల్ ఆఫీసర్‌కి తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే వచ్చే నెలకి వెతికి తేవాలి. వెతకడానికి చోటు లేదనడానికి లేదు. ప్రపంచంలోని పరిశోధనలను పోగేసి తూచి చెప్పే కోక్రేన్ లైబ్రరీని 2007లోనే ఐసీఎంఆర్ పైసలు కట్టి దేశంలో అందరికీ ముఫ్త్ చేసింది. ఇంగ్లీషులో ఉంటుంది, అదొక్కటే ఇబ్బంది. పాడేరులో 2024లో 50 సీట్లతో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. ఆ పిల్లలు వైజాగ్ వైపు చూస్తూ ఐదేళ్లు గడపకుండా, ఈ కొండల మీటింగుల్లో కూర్చుని ఆశాలు అడిగే సవాళ్లకు జవాబులు వెతికి తెలుగులో రాసిచ్చే పని వాళ్ల చదువులో భాగం చేస్తే, ఇద్దరికీ తర్బియత్ అవుతుంది.

'ఎందుకు' తెలియడం ముచ్చట కోసం అనుకోకండి. వైవాక్స్ మలేరియాకి ప్రైమాక్విన్ పద్నాలుగు రోజులు వేస్తారు. కొందరి ఒంట్లో పుట్టుకతోనే జీ6పీడీ అనే ఎంజైమ్ తక్కువగా ఉంటుంది. వాళ్లకు ఈ మందు పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి, మూత్రం నల్లటి చాయ్ రంగుకి వస్తుంది. మలేరియా తరతరాలుగా ఉన్న చోట్ల, ఆదివాసీల్లో, ఈ లోపం ఎక్కువగా కనబడుతుంది. "పద్నాలుగు రోజులు మానకూడదు" అని మాత్రమే నేర్చుకున్న ఆశా మానొద్దనే చెప్తుంది. మందు లోపల ఏం చేస్తుందో తెలిసిన ఆశా మూడో రోజు వెళ్లి మూత్రం రంగు అడుగుతుంది, నల్లబడితే ఆపి దవాఖానాకు తోలుతుంది. ఒకే మందు, ఒకే ఊరు, ఒకే మనిషి. తేడా ఆ తెలివిడిలో ఉంది.

ఇంకొకటి కూడా ఉంది, మరీజు ఇజాజత్. ఈ కొత్త తాలీమ్ మొదలుపెట్టినవాళ్లే సబూత్, డాక్టర్ అనుభవం, మరీజు మర్జీ మూడూ కలవాలన్నారు. మూడోది మన దగ్గర ఎవరికీ గుర్తుండదు. 1897లో సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పురుగును పట్టుకున్నాడు. ఆ దోమలకు నెత్తురిచ్చిన మరీజు హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. తక్కువే, కానీ సౌదా జరిగింది, పేరు మిగిలింది. నూట పన్నెండేళ్ల తర్వాత, 2009లో, ఉమ్మడి ఖమ్మం జిల్లాలో హాస్టల్ పిల్లలు సహా వేలాది ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా పరిశీలన కోసం వేశారు. చాలామంది ఆదివాసీ పిల్లలు. రెండు వేలకు పైగా ఇజాజత్ ఫారాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారు. కొందరు పిల్లలు చనిపోయాక 2010లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మౌతులకు కారణం టీకానే అని విచారణలో తేలలేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం మాత్రం ఇజాజత్ తీసుకున్న తీరును గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపుతుందని ఈరోజు ప్రపంచమంతా గట్టి సబూత్ ఉంది. మన కూతుళ్లకు వేయించాల్సినదే. కానీ ఆ జిల్లాలో ఒక తల్లి వద్దంటే ఆమెను జాహిల్ అనే హక్కు ఎవరికీ లేదు. అడగకుండా చేసిన మంచి పని తర్వాత ఇరవై ఏళ్లు అడిగినా నమ్మకం దొరకదు. పోలియో చుక్కల రోజుల్లో మన మొహల్లాల్లో తలుపులు మూసుకున్న సంగతి మీకు చెప్పక్కర్లేదు.

ఇక ఆ పోస్టర్. మస్జిద్ కమిటీ నౌజవాన్లు వేశారు, నియ్యత్ పాక్. ఉచితంగా బీపీ, షుగర్ పరీక్షలు, దాంతో పాటు పెద్ద అక్షరాలతో "బలానికి ఇంజెక్షన్లు, గ్లూకోజ్ ఉచితం". ఎవరి బలానికి? ఏ సబూత్‌తో? నేను వెళ్లి కమిటీ సదర్ సాబ్‌ని అడిగాను. "భాయ్, అది లేకపోతే జనం రారు" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, అదే నా గుండె కోత కూడా. బీపీ చూసి, ఎక్కువ ఉన్నవాళ్ల పేర్లు రాసుకుని, నెల తర్వాత మందు వేసుకుంటున్నారా అని ఆ నౌజవాన్లే ఇంటింటికీ వెళ్లి అడిగితే అంతకంటే పెద్ద ఖిద్మత్ ఉంటుందా? మన ఇళ్లలో ఈరోజు ఎంతమంది అమ్మాయిలు నర్సింగ్, బీఫార్మసీ, ఫిజియోథెరపీ చదువుతున్నారు! క్యాంపులో వాళ్లను సూదులు అందించడానికి నిలబెడతాం. ఒక్క జుమా తర్వాత పది నిమిషాలు వాళ్లకిచ్చి, గ్లూకోజ్ ఎప్పుడు కావాలో, ఎప్పుడు అక్కర్లేదో ఆడవాళ్ల హిస్సాలో చెప్పమనలేమా? సదర్ సాబ్ ఆలోచిస్తానన్నారు. క్యాంపు వచ్చే ఆదివారం ఉంది. నేను ఆ లైన్ పోస్టర్ మీంచి తీయించగలిగానో లేదో ఇక్కడే రాస్తాను.

టైడాకి మళ్లీ వెళ్లాను, ఈ మధ్యే. ఆశా పొలం నుంచి వచ్చింది. ఆ పిల్లవాడి సంగతి, ఆఫ్రికాలో చేసిన పరిశోధన సంగతి చెప్పాను. ఏ పిల్లలకు, ఎంత వేగంగా, ఎప్పుడు ఆపారు అంతా అడిగింది. విన్నాక, "సార్, ఇది మాకెందుకు చెప్పలేదు?" అంది. నా దగ్గర జవాబు లేదు. కాసేపాగి రిజిస్టర్ వెనక పేజీ తెరిచి పెన్ను నా చేతికిచ్చింది. తెలుగులో రాసివ్వండి, మా వాళ్లకు ఆదివాసీ ఒడియాలో, కువిలో నేను చెప్పుకుంటాను అంది.

జర్నలిస్టుని కదా, నింపాదిగా పన్నెండు లైన్లు రాశాను. చదివింది. పెన్ను తీసుకుని పది లైన్లు కొట్టేసింది.

"ఇంత చెప్తే వినరు సార్. బండి ఎక్కేస్తారు."

మిగిలిన రెండు లైన్లు ఇవి: తాగగలిగే పిల్లవాడికి నోటితోనే నీళ్లు పట్టాలి, మాత్రలు మూడు రోజులూ వెయ్యాలి. తాగలేకపోతే, తెలివి తప్పితే నన్ను పిలవండి, నేనే కూడా వస్తాను.

ఆ చివరి మాట నేను రాసింది కాదు. ఆమె కలిపింది.